రెండో చూపు

కాల్చేసిన 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటా తాలూకు ఇత్తడి డొప్ప పొడవు 19 మిల్లీమీటర్ల మీద పిసరు. ఒక కొస నోరు, రెండో కొస మడమ. మడమ మీద కంపెనీ పేరు గుద్ది ఉంటుంది. ఆ అక్షరాల నడుమ గుండ్రటి చిన్న బిళ్ళ, అదే ప్రైమరు, దాని మీద ఫైరింగ్ పిన్ను పొడిచిన సొట్ట. పొగచూరి, మట్టి కొట్టుకుని ఉంటుంది కాబట్టి చూడగానే తుక్కు అనిపిస్తుంది. కానీ తూటాలో ఉండే నాలుగు వస్తువుల్లో, అంటే డొప్ప, ప్రైమరు, మందు, గుండులో, మళ్ళీ పనికొచ్చేది అదొక్కటే. మిగతా మూడూ ఒక్క పేలుడుతో సరి.

డొప్ప ఇత్తడిలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. మందు అంటుకున్న క్షణంలో ఈ రకం తూటాలో ఒత్తిడి చదరపు అంగుళానికి 35,000 పౌండ్ల దాకా పోవచ్చని అమెరికా తయారీదారులు పెట్టుకున్న హద్దు. ఆ ఒత్తిడికి డొప్ప ఉబ్బి, గొట్టం వెనక తూటా కూర్చునే గది గోడలకి అంటుకుపోతుంది. దాంతో వేడి వాయువు వెనక్కి తిరిగి కాల్చేవాడి ముఖం మీదకి రాదు. ఒత్తిడి పడిపోగానే డొప్ప కాస్త ముడుచుకుంటుంది, కొక్కెం దాన్ని బయటికి లాగి పారేస్తుంది. అయితే ఉబ్బినంతా ముడుచుకోదు. ఆ మిగిలిపోయిన ఉబ్బుని తీసి, కొత్త ప్రైమరు, కొలిచిన మందు, కొత్త గుండు పెట్టి మళ్ళీ తూటా చేసుకోవడమే రీలోడింగ్. చెప్పడానికి ఒక వాక్యం. చేయడంలో ఉన్న పనితనం గురించే ఈ వ్యాసం.

నేను మద్రాసు చింతాద్రిపేట వాణ్ణి. తుపాకి పట్టే వంశం కాదు. ఈ పని నేను చూసింది మా ఊళ్ళో కాదు, అమెరికాలో, డాలస్ శివార్లలో మా బావ గ్యారేజీలో. బావ అంటే మా మేనమామ కొడుకు. ఆయన పెరిగింది చింతాద్రిపేటలో మామయ్య లేత్ పట్టరైలో. పట్టరై అంటే మద్రాసు తెలుగిళ్ళలో వర్క్‌షాపు. బడి నుంచి రాగానే చేతికి వెర్నియర్ ఇచ్చి కూర్చోబెట్టేవారట. ఇప్పుడు వారాంతాల్లో క్లబ్బులో పిస్తోలు పోటీలకి వెళ్తాడు, ఆ పోటీలకి కావలసిన తూటాలు తనే నింపుకుంటాడు. అక్కడ సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే మాత్రం 1968 నాటి తుపాకుల చట్టం కింద లైసెన్సు తప్పదు.

మన దగ్గర సంగతి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి చేయడమే కాదు, తూటా చేయడమూ నేరమే. కాబట్టి చింతాద్రిపేటలో కూర్చుని ఇది చదివేవారికి ఇది చూసి ఆనందించే విద్యే తప్ప చేసి చూసే విద్య కాదు. మన షూటర్లలో చాలామందికి దీని అవసరమూ రాదు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్తోలులో వ్యక్తిగత రజతం, జట్టు స్వర్ణం తెచ్చింది. ఆ పోటీలో వాడే .22 తూటాని మళ్ళీ నింపడం కుదరదు. దానికి విడిగా ప్రైమరు బిళ్ళ ఉండదు. మడమ అంచు మడతలోనే పేలే రసాయనం పూసి ఉంటుంది. పిన్ను ఆ అంచుని నలిపేస్తుంది, అంతటితో దాని పని అయిపోతుంది.

మళ్ళీ నింపడానికి వీలైన తూటా వెనక ఒక తమాషా ఉంది. 1860ల నడుమ ఇద్దరు మనుషులు, సముద్రానికి చెరో వైపు, ఇంచుమించు ఒకే సమయంలో ప్రైమరుకి రూపం ఇచ్చారు. ఇంగ్లండులో వూలిచ్ ఆయుధశాల అధికారి ఎడ్వర్డ్ బాక్సర్ ఒకరు. అమెరికాలో హైరమ్ బెర్డన్ రెండోవారు. బాక్సర్ పద్ధతిలో డొప్ప అడుగున నట్టనడుమ ఒకే రంధ్రం. సన్నటి సూదితో పైనుంచి పొడిస్తే పాత ప్రైమరు ఊడి కింద పడుతుంది. బెర్డన్ పద్ధతిలో రెండు చిన్న రంధ్రాలు, అవీ పక్కలకి. సూది దూరదు, ప్రైమరు ఊడదు. అమెరికాలో ఇళ్ళల్లో నింపేవాళ్ళంతా నమ్ముకున్నది ఇంగ్లీషువాడి పద్ధతి. అమెరికావాడి పద్ధతి పోయి యూరప్ సైన్యాల్లో స్థిరపడింది. డొప్ప గుప్పెట్లోకి తీసుకోగానే మా బావ మొదట చూసేది ఆ లోపలి రంధ్రాన్నే. ఒకటుంటే ఇటు, రెండుంటే తుక్కుడబ్బాలోకి. అల్యూమినియం డొప్పలూ, ఉక్కు డొప్పలూ అటే పోతాయి.

ఆయన బల్ల చూస్తే పట్టరై గుర్తొస్తుందనుకున్నాను. గుర్తు రాలేదు. పట్టరై బల్ల మీద పది పనుల సామాను ఒకేసారి పడి ఉండేది. ఇక్కడ బల్ల దాదాపు ఖాళీ. కుడి వైపు పోత ఇనుముతో చేసిన ప్రెస్సు, బోల్టులతో బిగించి ఉంది. ఎడమ వైపు తక్కెడ. నడుమ చెక్క దిమ్మె, దానికి వరసగా గుంతలు. ఒకే ఒక మందు డబ్బా. లోపల పెట్టెలో వేరే డబ్బాలు ఉన్నాయి, కానీ బల్ల మీదకి ఎప్పుడూ ఒకటే వస్తుంది. పని అయ్యాక మిగిలిన మందు అదే డబ్బాలోకి పోసి, ఆ డబ్బా లోపల పెట్టాకే రెండోది బయటికి తీస్తాడు. రెండు రకాల మందులు కంటికి ఒకేలా, బూడిద రంగు రేకుల్లాగో సన్నటి గుళ్ళలాగో కనిపించవచ్చు. ఒకటి నెమ్మదిగా కాలేది, ఒకటి భగ్గుమనేది. అవి తారుమారైతే తుపాకి చేతిలోనే పగులుతుంది.

"ఫోను లోపల పెట్టి రారా," అన్నాడు మొదట. పాటలు లేవు, టీవీ లేదు. గ్యారేజీ తలుపు మూసి ఉంటే తట్టకూడదని అక్కకి, అంటే ఆయన భార్యకి, పిల్లలకి తెలుసు.

"మధ్యలో ఆపితే ఏమవుతుంది బావా?"

"ఆపితే ఏం కాదు. ఎక్కడ ఆపానో గుర్తుందిలే అనుకుంటాం చూడు, అక్కడే చస్తాం. అందుకే మధ్యలో లేస్తే ఆ వరసలో పోసిందంతా ఒంపేసి మొదటినుంచి మొదలెడతాను."

ఆ ప్రెస్సు పుట్టుక కూడా ఒక ఇంటి కథే. 1943లో కాలిఫోర్నియాలోని ఒరొవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ అనే ఆయన వాళ్ళ నాన్న లాండ్రీ వెనక గదిలో చిన్న గుళ్ళు ఒత్తే డైలు చేయడం మొదలుపెట్టాడు. రాక్ చక్ అనే ఎలుక జాతి జంతువుల్ని వేటాడటానికి ఆ గుళ్ళు. కాల్చేసిన .22 డొప్పలతోనే వాటికి పైతొడుగు చేసేవాడు. ఆర్‌సీబీఎస్ అనే కంపెనీ పేరు ఆ డై పేరు తాలూకు పొడి అక్షరాలే. ఆ కంపెనీ ప్రెస్సు చూడటానికి మొరటుగా ఉంటుంది. ఇంగ్లీషు ఓ అక్షరం ఆకారపు చట్రం, కింద నిలువుగా కదిలే కడ్డీ, పక్కన పొడుగాటి పిడి. ఒక్కసారి పిడి దించితే ఒక్క డొప్ప మీద ఒక్క పని జరుగుతుంది. ఇంతకన్నా వేగంగా, పిడి దించిన ప్రతిసారీ ఒక పూర్తి తూటా రాలే ప్రోగ్రెసివ్ యంత్రాలు ఉన్నాయి. ఆరిజోనా డిల్లన్ కంపెనీవి అందులో పేరెన్నికగన్నవి. వేలకి వేలు కాల్చే పోటీదారులకి అవే కావాలి. నాకు మాత్రం ఈ నిదానపు ప్రెస్సే నచ్చింది. వేగం పెరిగినకొద్దీ కన్ను ఎక్కడుందో చేతికి తెలియదు. ఇక్కడ ప్రతి పనికీ మధ్య ఒక ఆగడం ఉంది, ఆ ఆగడంలోనే పనితనం ఉంది.

శుభ్రం చేయడంతో మొదలు. అక్రోటు పెంకు పొడిలో దొర్లించడం పాత పద్ధతి. అందులో దుమ్ము లేస్తుంది. ప్రైమరులో సీసపు రసాయనం ఉంటుంది కాబట్టి ఆ దుమ్ము పీల్చడం మంచిది కాదు. అందుకే బావ నీళ్ళలో దొర్లిస్తాడు. సన్నటి స్టీలు సూదులు, చుక్క గిన్నెల సబ్బు, తిరిగే పీపా. ఆరాక డొప్పలు కొత్తగా పోత పోసినట్టు మెరుస్తాయి. ఆ మెరుపు అందానికి కాదు. నల్లటి డొప్ప మీద చీలిక కనపడదు, మెరిసేదాని మీద వెంట్రుకంత గీత కూడా నల్లగా పట్టిచ్చేస్తుంది.

చీలికల్ని కంటికంటే ముందు ఆయన చెవి పట్టుకుంటుంది. గుప్పెడు డొప్పలు దోసిట్లో వేసుకుని గలగలలాడిస్తాడు. అన్నీ బాగుంటే గలగల ఒకటే శృతి. పగిలిందొకటి ఉంటే ఆ శృతిలో బొంగురు పలుకు పడుతుంది. అప్పుడు ఒక్కొక్కటే తీసి చూస్తాడు. నోటి దగ్గర నిట్టనిలువు చీలిక దొరుకుతుంది. నేను అలాగే చెవి దగ్గర పెట్టుకుని విన్నాను, నాకు తేడా తెలిసింది. తెలియదేమో అనుకున్నాను కానీ ఇత్తడి దాచుకోలేదు.

తర్వాత డై. ఉబ్బిన డొప్పని ఒక గట్టి రింగులోంచి దూర్చి మళ్ళీ పాత కొలతకి తేవడం. పిస్తోలు డొప్పలకి టంగ్‌స్టన్ కార్బైడ్ రింగు ఉంటుంది, నూనె రాయనక్కర్లేదు. పిడి దించుతుంటే అదే దెబ్బతో సూది పాత ప్రైమరుని పొడిచి తోసేస్తుంది. అది కింద డబ్బాలో టింగుమంటుంది. ఇక్కడ చేతికి తెలిసే సంగతి ఒకటి ఉంది. మంచి డొప్ప మొదట బిగువుగా, తర్వాత సాఫీగా దిగుతుంది. చీలింది అసలు బిగువే లేకుండా జారిపోతుంది. బావ పిడి సగంలో ఆపి, "చూడు, దీనికి బిగువే పడలేదు," అని డొప్ప బయటికి తీసి తిప్పాడు. శుభ్రం చేసేటప్పుడు చెవికి చిక్కనిది చేతికి చిక్కింది. చీలిక కంటికి కనపడటానికి దీపం కిందకి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

నోరు కాస్త విప్పడం చిటికెలో పని. గుండు అడుగు అంచుకి తగిలి సీసం గీసుకోకుండా ఉండేంత విప్పితే చాలు. ఎక్కువ విప్పినవి త్వరగా చీలుతాయి.

ప్రైమరు పెట్టడం మాత్రం ప్రెస్సు మీద చేయడు. చేతిలో ఇమిడే చిన్న పనిముట్టు, దాని మీద బొటనవేలు. ప్రైమరు తన గుంతలో అడుగు తాకినప్పుడు వేలికి ఒక మెత్తటి ఆగడం తెలుస్తుంది. అక్కడ ఆపాలి. ఆపాక బల్ల మీద నిలబెడితే డొప్ప ఊగకూడదు. ఊగిందంటే ప్రైమరు పైకి పొడుచుకొచ్చిందన్నమాట. మడమ మట్టం కంటే అంగుళంలో కొన్ని వేయో వంతులు లోపలికి ఉండాలి. ఆయన ప్రతి డొప్ప మడమ మీదా చూపుడు వేలు ఈడుస్తాడు. ప్రైమరు లోపలికి ఉందో పైకి పొడుచుకొచ్చిందో వేలి కొసతో తెలుసుకోవడం లేత్ మీద పెరిగిన చేతికి పెద్ద పనేం కాదు.

ఇక మందు. ఈ పని మొత్తంలో ప్రాణం పోయే చోటు ఇదే, అందుకే ఇక్కడ ఆయన నిదానం చూసి తీరాలి.

తూకం గ్రెయిన్లలో. పౌండుకి 7,000 గ్రెయిన్లు. మద్రాసు తంగసాల, అంటే టంకశాల, ఎరిగినవారికి ఈ లెక్క కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీ కాలపు రూపాయి తులం తూకం 180 గ్రెయిన్లు, తులానికి 96 గురివింద గింజలు. బావ తక్కెడ ముల్లు గ్రెయినులో పదో వంతుకి కదులుతుంది. అంటే కంసాలి గురివింద గింజని దాదాపు పంతొమ్మిది భాగాలు చేస్తే అందులో ఒకటి. కొత్తగా వచ్చిన ఎలక్ట్రానిక్ తక్కెడ కూడా ఉంది, కానీ అది వేడికి, విద్యుత్తుకి మెల్లగా జరిగిపోతుందని ఆయన నమ్మడు. పాత దండె తక్కెడకి అయస్కాంతం బిగించి ఉంటుంది, అది ఊపుని అణుస్తుంది. పని మొదలెట్టే ముందు కొలతరాయి పెట్టి సున్నా చూస్తాడు. మధ్యలో చూస్తాడు, చివర్లో చూస్తాడు.

ఎంత మందు అన్నది ఎవరి నోటిమాటా కాదు. లైమన్ వాళ్ళ పుస్తకం, హార్నడీ వాళ్ళ పుస్తకం పక్కపక్కన తెరిచి ఉంటాయి. మందు తయారుచేసిన కంపెనీ ఇచ్చిన పట్టిక మూడోది. మూడూ కలిసిన చోట, పైహద్దు కంటే పదో వంతు తక్కువలో మొదలుపెట్టి, కాల్చి చూసి, అవసరమైతేనే మెట్టుమెట్టుగా పెంచడం. కొలత ఇక్కడ రాయను. ఒక తుపాకికి, ఒక గుండుకి, ఒక డొప్పకి సరిపోయిన తూకం ఇంకొకరి తుపాకిలో ప్రమాదం. పత్రికలో చూసి నింపేవాడికి ఆ తూకం మంచి చేయదు.

మందు ఎంచుకోవడంలో ఆయన చూపిన తెలివి నాకు బాగా నచ్చింది. పిస్తోలు మందు చాలా చిటికెడే పడుతుంది. కొన్ని రకాలు డొప్పలో సగం కూడా నింపవు. అంటే పొరపాటున రెండుసార్లు పోస్తే డొప్ప దాన్ని కిక్కురుమనకుండా మింగేస్తుంది, పైన గుండు కూడా చక్కగా కూర్చుంటుంది. .38 స్పెషల్ రివాల్వరు తూటా మరీ ఘోరం. అది 1898లో నల్లటి పాతకాలపు తుపాకి మందు కోసం పుట్టిన పెద్ద డొప్ప. ఇప్పటి పొగరాని మందు అందులో అడుగున కూర్చుంటుంది. అందుకే బావ కావాలని బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ ఉన్న మందు ఎంచుకుంటాడు. అది ఒకసారి పోస్తే డొప్ప సగం దాటుతుంది. రెండోసారి పోస్తే పొంగి బల్ల మీద పడుతుంది. తప్పు జరగదని నమ్మకుండా, జరిగితే దాక్కోలేని వస్తువుతో పని చేయడం. మామయ్య పట్టరైలో కూడా ఒకటి ఉండేది. కొలతకి మించిన ముక్క దూరకుండా చేసే గేజి. పొరపాటు గేజి దగ్గరే ఆగిపోవాలి, యంత్రం దాకా రాకూడదు.

చెక్క దిమ్మెల కథ కూడా అదే. రెండు దిమ్మెలు. మొదటి దాంట్లో డొప్పలన్నీ తలకిందులుగా, నోరు కిందకి. అవి ఖాళీ. ఒకటి తీసి, మందు పోసి, నోరు పైకి రెండో దిమ్మెలో పెడతాడు. నోరు పైకి ఉందంటే మందు ఉంది. రెండూ కలిసిన స్థితి బల్ల మీద ఎక్కడా ఉండదు. దిమ్మె నిండాక గుండు పెట్టడు. చిన్న టార్చి తెచ్చి, కాస్త ఏటవాలుగా, వరస వెంట వరస చూస్తాడు. మందు మట్టం అన్నిట్లో ఒకటే కనపడాలి. ఒకటి లోతుగా ఉంటే మందు తక్కువ, ఒకటి పైకి ఉంటే ఎక్కువ, ఒకటి మెరిస్తే అసలు లేదు. మెరుపంటే అడుగు ఇత్తడి. ఒకసారి చూశాక దిమ్మెని చుట్టూ సగం తిప్పి మళ్ళీ అటునుంచి చూస్తాడు. "మొదటి చూపులో నేను చూడాలనుకున్నదే కనిపిస్తుంది," అన్నాడు. రెండో వైపునుంచి నీడలు మారతాయి, అలవాటైన బొమ్మ చెదిరిపోతుంది.

మందు లేకపోవడం ఎందుకంత ప్రమాదం అని అడిగాను. ఎక్కువైతే పేలుతుంది, సరే. లేకపోతే ఏముంది? ఉంది. ప్రైమరు ఒక్కటే గుండుని డొప్పలోంచి తోసి గొట్టంలో సగం దారిలో ఇరికిస్తుంది. బయటికి తుస్సుమన్న చప్పుడు తప్ప ఏమీ రాదు. గమనించకుండా రెండోసారి కాలిస్తే ముందున్న గుండు అడ్డు, వెనకనుంచి నిండు ఒత్తిడి, గొట్టం పగులుతుంది. మైదానంలో చప్పుడు తేడాగా వినపడితే ఎవరెంత తొందరపెట్టినా ఆపాలి. తూటాలు దించి, గొట్టంలోకి వెలుగు వేసి చూడాలి. ఇది నింపేవాడి పని కాదు, కాల్చేవాడి పని. కానీ ఇద్దరూ ఒకరే అయినప్పుడు ఒకరు రెండోవాడికి చెప్పాల్సిన మాట.

మా ఊరి చరిత్రలో ఇలాంటి తనిఖీ ఒకటుంది. 1734లో మద్రాసు గవర్నరు జార్జ్ మోర్టన్ పిట్ హయాంలో, కూవం నది మెలిక తిరిగిన చోట, సుంకురామ అనే తెలుగు కోమటి వర్తకుడి తోట ఉన్న నేలలో నేతగాళ్ళ పేట పెట్టారు. అదే చింతాద్రిపేట. ఇక్కడ నేసిన గుడ్డ ఈస్టిండియా కంపెనీ కోటకి చేరాక అక్కడి సార్టర్లు ఒక్కో తాను విప్పి, ముందే ఒప్పుకున్న నమూనా పక్కన పెట్టి చూసేవాళ్ళు. ఆ నమూనాని మస్టరు అనేవారు. సరిపోనిది వెనక్కి. నేతగాళ్ళకి ఆ వెనక్కి రావడం బాధే, అందులో కంపెనీ స్వార్థమూ ఉంది. కానీ మస్టరు పక్కన పెట్టి చూడటం అన్న పద్ధతి మాత్రం పనికొచ్చేదే. బావ గ్యారేజీలో మస్టరు ఆయన పిస్తోలు గొట్టమే. అక్కడికి వస్తాను.

తుపాకి మందు సంగతీ మద్రాసుకి దూరం కాదు. పులియంతోపు వైపు పౌడర్ మిల్ రోడ్డు ఇప్పటికీ ఉంది. నీలగిరుల్లో అరువంకాడులో కార్డైట్ ఫ్యాక్టరీ 1900ల మొదట్లోనే పెట్టారు, ఇప్పుడది మ్యునిషన్స్ ఇండియా కింద ఉంది. మౌంట్ రోడ్డులో గడియారాలకి పేరుపడ్డ పి. ఆర్ అండ్ సన్స్ ముద్ర ఉన్న పాత తుపాకులు కూడా ఉన్నాయి. ఇంటి బల్ల మీద నింపుకునే అలవాటు మాత్రం ఇక్కడ పేరు తెచ్చుకోలేదు. దానికి నాకేమీ బెంగ లేదు. మన ఇళ్ళ గదుల ఇరుకుకీ, వంటింటి మంటకీ ఈ పని పనికిరాదు.

మళ్ళీ బల్ల దగ్గరికి. గుండు పెట్టడం రెండు దశల్లో చేస్తాడు. ముందు లోపలికి ఎంత లోతు దిగాలో అంత దింపడం. తర్వాత వేరే డైతో నోరు బిగించడం. రెండూ ఒకే డైతో ఒకేసారి చేయవచ్చు, చాలామంది చేస్తారు. ఆయన విడగొట్టడానికి కారణం ఉంది. 9 మిల్లీమీటర్ల తూటా తుపాకి గదిలో నిలబడేది డొప్ప నోటి అంచు మీదే. అంచుని గుండ్రంగా లోపలికి మడిచేస్తే నిలబడటానికి ఆధారమే ఉండదు. అందుకని ముందు విప్పిన నోటిని తిన్నగా చేసేంత వరకే బిగింపు. రివాల్వరు తూటాకి అలా కాదు, అది మడమ అంచు మీద ఆగుతుంది. దాని నోటిని గుండు మీద ఉన్న గాడిలోకి మడవవచ్చు, మడవాలి కూడా. లేకపోతే పక్క గదిలో తూటా పేలిన అదురుకి గుండు ముందుకి జారుతుంది.

బిగింపు సరిపోయిందో లేదో చూడటానికి ఆయన చేసే పరీక్ష మొరటుగా ఉంటుంది. పూర్తయిన తూటా పొడవు వెర్నియర్‌తో కొలుస్తాడు. ఈ రకానికి పైహద్దు 1.169 అంగుళాలు. తూటా ముక్కుని బల్ల చెక్కకి ఆనించి బొటనవేలితో గట్టిగా నొక్కుతాడు. మళ్ళీ కొలుస్తాడు. పొడవు తగ్గితే గుండు లోపలికి జారిందని అర్థం. లోపలికి జారితే మందుకి చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. పిస్తోలు మ్యాగజీనులోంచి గదిలోకి తూటా ఎక్కేటప్పుడు ముక్కు మీద పడే దెబ్బ ఈ నొక్కుడుకి తీసిపోదు. అప్పుడు జారేది ఇప్పుడే జారాలి.

ఇక మస్టరు. పిస్తోలుని విప్పి గొట్టం మాత్రం చేతిలోకి తీసుకుంటాడు. ఒక్కో తూటానీ ఆ గొట్టం వెనక గదిలోకి వదులుతాడు. సరైనది టక్కున పడుతుంది, వేలితో తిప్పితే తిరుగుతుంది, గొట్టం తిరగేస్తే తన బరువుకే జారి పడుతుంది. మూడిట్లో ఏ ఒక్కటి తప్పినా పక్కన పెట్టడమే. నేను చూసిన దఫాలో పక్కకి వెళ్ళినవి ఉన్నాయి. ఒకదాని నోరు సరిగా బిగియలేదు, ఇంకోదాని గుండు వంకరగా కూర్చుంది. కాల్చేస్తే బహుశా పేలేవే. ఆయన కాల్చలేదు. సుత్తి ఆకారంలో ఉండే ప్లాస్టిక్ పనిముట్టులో తూటా బిగించి చెక్క దిమ్మె మీద కొడితే గుండు తన జడత్వానికే ఊడి వస్తుంది. మందు తిరిగి డబ్బాలోకి, గుండు ట్రేలోకి, ప్రైమరుతో సహా డొప్ప మళ్ళీ మొదటి దిమ్మెలోకి, నోరు కిందకి.

ఖర్చు మిగులుతుందా అని అందరూ అడిగేదే నేనూ అడిగాను. తూటాకి లెక్కేస్తే మిగులుతుందట, మిగిలిందానికి ఇంకా ఎక్కువ కాలుస్తాడు కాబట్టి నెలాఖరుకి ఏమీ మిగలదట. అక్క పక్కనుంచి నవ్వింది.

నిల్వ విషయంలో ఆయనకి అమెరికా అగ్నిమాపక సంఘం నియమాలు కంఠతా వచ్చు. ఇంట్లో పొగరాని మందు 20 పౌండ్ల దాకా కంపెనీ డబ్బాల్లోనే ఉంచుకోవచ్చు, అది దాటితే 50 పౌండ్ల దాకా మందపాటి చెక్క పెట్టెలో పెట్టాలి. ప్రైమర్లు 10,000 దాటకూడదు. విచిత్రంగా అనిపించింది ఏమిటంటే, మందుని గట్టి ఇనుప బీరువాలో పెట్టకూడదట. ఆరుబయట మందు భగ్గున కాలుతుంది గానీ పేలదు. గట్టిగా మూసిన చోట అయితే ఒత్తిడి పెరిగి బాంబు అవుతుంది. కంపెనీ డబ్బాలు తేలిగ్గా చీలేలా చేయడం అందుకే. ఆయన చల్లటి గదిలో చెక్క పెట్టెలో పెడతాడు. పని అయ్యాక చేతులు చల్లటి నీళ్ళతో, సబ్బుతో కడుగుతాడు. గ్యారేజీ చొక్కా ఇంట్లోకి రాదు. గ్యారేజీలో టీ తాగడం కూడా లేదు, మద్రాసులో పుట్టినవాడికి అదొక శిక్ష.

నింపిన పెట్టె మూత మీద చిన్న చీటీ అంటించి ఉంటుంది. తేదీ, గుండు బరువు, మందు పేరు, డబ్బా లాటు నంబరు, తూకం, ప్రైమరు రకం, డొప్ప ఎవరిది, ఎన్నోసారి, పొడవు. చీటీ లేని పెట్టె ఏదైనా కనిపిస్తే లోపల ఎంత చక్కటి తూటాలున్నా విప్పదీస్తాడు.

మర్నాడు మైదానానికి వెళ్ళాం. గొట్టం ముందు చిన్న పరికరం పెట్టి ఒక్కో గుండు వేగం కొలిచాడు. వేగాల మధ్య తేడా ఎంత తక్కువైతే నింపుడు అంత ఒక్కతీరుగా ఉన్నట్టు. కంపెనీ తూటాల పెట్టె ఒకటి కొని పక్కన పెట్టి అవీ కాల్చాడు. ఆయన చేసినవాటి తేడా కంపెనీవాటికంటే తక్కువ వచ్చింది. నేను సంతోషించాను. ఆయన పుస్తకంలో అంకెలు రాసుకుని, ఒకటి మాత్రం మిగతావాటి కంటే నిదానంగా ఎందుకు పోయిందా అని దాని డొప్ప ఏరి తీసి మడమ చూస్తూ కూర్చున్నాడు. ప్రైమరు కాస్త లోతుగా దిగి ఉండొచ్చని ఆయన అనుమానం. వచ్చే దఫాకి ప్రైమరు లోతు ఒక్కటే మారుస్తాడట. మందు తూకం జోలికి పోడు, రెండూ ఒకేసారి మారిస్తే ఏది ఏం చేసిందో తెలియదని.